జిమ్ము రీల్స్‌లో మగతనం: తిరుపతిలో చిన్న పరిశోధన చేయడం ఎలా?

సోషియాలజీ, సైకాలజీ, జర్నలిజం పీజీ విద్యార్థులను ప్రాజెక్టు టాపిక్ అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే: 'యువతపై సోషల్ మీడియా ప్రభావం'. ఆ పేరుతో వంద పేజీలు నింపొచ్చు గానీ కొత్త సంగతి ఒక్కటీ దొరక్కపోవచ్చు. దానికి బదులు ఫోన్‌లో కనిపించే జిమ్ము వీడియోలనూ వాటిని చూసే మగపిల్లలనూ పట్టుకోండి. ఒక సెమిస్టర్‌లో తేలే పని. యూనివర్సిటీతో సంబంధం లేకుండా ఆసక్తితో చేసేవాళ్లకూ దారి ఇదే.

1. ప్రశ్నను చిన్నది చేయండి

'ఫిట్‌నెస్ వీడియోల్లో మగతనం' ఇంకా పెద్ద మాటే. తిరుపతికి తగ్గ ప్రశ్న ఒకటి చెప్తాను. ఇక్కడ కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యే కుర్రాళ్లకు కొదవ లేదు. రాష్ట్రంలో ఆ పోస్టుకు మగవాళ్లకు సాధారణంగా 167.6 సెం.మీ. ఎత్తు, 86.3 సెం.మీ. ఛాతీ ఉండాలి. ఊపిరి పీలిస్తే ఛాతీ ఇంకో 5 సెం.మీ. పెరగాలి. పైగా 1,600 మీటర్ల పరుగు. రీల్స్‌లో కావాల్సింది వేరు: లైటు, కోణం, బిగిసిన కండ. టేపుకు చూపించే ఛాతీ, కెమెరాకు చూపించే ఛాతీ, ఈ రెంటి మధ్య ఒకే కుర్రాడు ఎలా నెట్టుకొస్తున్నాడు? ఇంతకంటే పెద్ద ప్రశ్న మీకు అక్కర్లేదు.

'టాక్సిక్ మాస్కులినిటీ' (హాని చేసే మగతనం) అని మాత్రం టైటిల్‌లో పెట్టుకుని మొదలుపెట్టకండి. జవాబు ముందే రాసేసుకుంటే ఇక వెతికేదేముంది?

2. కొంచెమే చదవండి, సరైనవి చదవండి

మొదట ఆస్ట్రేలియా సోషియాలజిస్టు ఆర్. డబ్ల్యూ. కానెల్. మగతనం ఒక్కటే కాదు, చాలా రకాలుంటాయి, వాటిలో ఒకటి పైన కూర్చుని మిగతావాటిని కొలుస్తుంది అన్నది ఆమె వాదన సారం. ఆ పైమెట్టు ఎక్కినవాళ్లు తక్కువే, అయినా దాన్ని ఒప్పుకుని బతికేవాళ్లు ఎక్కువ. తర్వాత బాడీబిల్డర్లను గమనిస్తూ కాలిఫోర్నియా జిమ్ముల్లో ఏళ్ల తరబడి గడిపిన పరిశోధకుడు ఆలన్ క్లైన్. ఆయన్ని చదివాక బెనారస్ అఖాడాల (కుస్తీ నేర్పే చోట్ల) మీద జోసెఫ్ ఆల్టర్ రాసింది తప్పకుండా చూడండి. అక్కడ పహిల్వాన్ ఒళ్లు పాలు, నెయ్యి, బాదం, బ్రహ్మచర్యంతో ముడిపడి ఉంటుంది. బయటి దేశాల సిద్ధాంతాన్ని తెచ్చి మన కుర్రాడికి తొడిగేస్తే ఎక్కడ పట్టదో అప్పుడు తెలుస్తుంది.

ఎంత కండ పెరిగినా 'నేను బక్కగానే ఉన్నాను' అని కుమిలిపోయే స్థితిని హారిసన్ పోప్ బృందం 1997లో మజిల్ డిస్మార్ఫియా అంది. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక వ్యాధుల్ని గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టులు వేసిన పుస్తకం) దాన్ని బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ (ఒంట్లో లోపం ఉందని అదేపనిగా బాధపడే రోగం) కింద చేర్చింది. ఇది డాక్టర్లు తేల్చాల్సిన విషయం. ఒక కామెంట్ చూసి మీరు రోగం పేరు పెట్టకూడదు.

3. వీడియోలు, కామెంట్లు పోగేయండి

మీ పాత అకౌంట్‌తో చూడొద్దు. మీ ఇష్టాలు తెలిసిన యాప్ మీకు నచ్చేవే చూపిస్తుంది. కొత్తది తెరిచి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, ఫలానా మాటలతో వెతికినవి అని నియమం పెట్టుకోండి. ఆన్‌లైన్ సమూహాలను ఇలా గమనించే పద్ధతిని రాబర్ట్ కోజినెట్స్ నెట్నోగ్రఫీ అన్నాడు.

వీడియోకు ఒక వరుస, కామెంట్‌కు ఒక వరుస రాసుకోండి. "అన్నా, డైట్ చెప్పన్నా", "మగాడంటే ఇట్లుండాల", "బక్కోడా, గాలికి ఎగిరిపోతావ్" లాంటివి తగులుతాయి. వాటిని పొగడ్త, ఎగతాళి, సలహా అని విడదీశాక అసలు పని మొదలవుతుంది: ఎగతాళి చేసినవాడే కింద సలహా కూడా ఇస్తున్నాడా? ఇస్తుంటే దాన్ని క్రూరత్వం అనాలా, చనువు అనాలా? ఇరవై కామెంట్లను మీరూ మీ స్నేహితుడూ విడివిడిగా గుర్తులు పెట్టి పోల్చుకోండి. తేడా వచ్చినచోటే మంచి పేరా దొరుకుతుంది.

4. జిమ్ముకు వెళ్లండి

ఓనర్‌ను అడిగి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లండి. వచ్చేవాళ్లు మారిపోతారు. వీలైతే తిరుపతిలో ఒకటి, చిత్తూరు టౌన్‌లో ఒకటి చూడండి.

స్నేహితుల ముందు ఇంటర్వ్యూ చేయకండి. "మగతనం అంటే ఏంటి తమ్ముడూ?" అని అస్సలు అడగకండి, సినిమా డైలాగ్ వస్తుంది. ఫోన్ గ్యాలరీ తెరవమనండి. "వీటిలో ఏది పోస్ట్ చేశావు? ఏది తీసేశావు? ఎందుకు?" అని అడగండి. కడుపు కొద్దిగా ముందుకొచ్చిందని తీసేసిన ఫోటో దగ్గర మాట మొదలైతే ప్రొటీన్ డబ్బా ఖర్చు, ఇంట్లో తిట్లు, రాని ఉద్యోగ నోటిఫికేషన్ అన్నీ వాటంతటవే వస్తాయి.

మన ఊరి ప్రశ్నలు మరవకండి. శనివారం స్వామి రోజని గుడ్లు ముట్టనివాడు ఆ రోజు ప్రొటీన్ లెక్క ఎలా సరిచేస్తున్నాడు? అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి రీల్ పెట్టినవాడికి అది మొక్కా, లెగ్ డేనా (కాళ్ల కసరత్తు రోజా)? రెండూ అంటాడేమో. అననివ్వండి, కొట్టేయొద్దు.

అడిగేది అమ్మాయి అయితే జవాబులు మారొచ్చు. ఆ తేడాను కూడా నోట్స్‌లో రాయండి, దాచాల్సిన పనేం లేదు.

5. ఎవరికీ చెడు జరగకుండా చూసుకోండి

కామెంట్ అందరికీ కనిపిస్తోందంటే మన థీసిస్‌లో వేసుకోమని చెప్పినట్టు కాదు. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తే సెర్చ్‌లో మనిషి దొరికిపోతాడు. అర్థం చెడకుండా మార్చి రాయండి, పేరు, ముఖం, జిమ్ము బోర్డు తీసేయండి. ఇంటర్మీడియట్ పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి కావాలి. 2023 డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు వాళ్లను పిల్లలుగానే చూస్తుంది. పరిశోధనలో ఎవరికీ హాని జరగకుండా చూసే మీ సంస్థ ఎథిక్స్ కమిటీకి ముందే దరఖాస్తు పెట్టండి.

ఎవరైనా "ఇంజెక్షన్ వేసుకుంటున్నా" అంటే పోలీసు వేషం వేయకండి, సలహాల పురాణమూ వద్దు. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే ఒంట్లో సొంతంగా తయారయ్యేది పడిపోతుంది, వీర్యకణాలూ తగ్గుతాయి. మగాడిలా కనపడాలని మొదలుపెట్టినవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. తిరుపతిలోని రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో వెళ్లి డాక్టర్‌ను కలవమనండి. దిగులుగా కనిపిస్తే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబర్ ఇవ్వండి.

6. రాసింది వాళ్లకు చూపించండి

సబ్మిట్ చేసేలోపు ఎవరి గురించి రాసిన పేరా వాళ్లకు చదివి వినిపించండి. "ఈ లైన్ వద్దన్నా, మా నాయనకు తెలిసిపోతుంది" అంటే, అది ఎంత బాగున్నా తీసేయండి. "నేనట్ల అనలేదే" అంటే రికార్డింగ్ ఇద్దరూ కలిసి వినండి. అప్పుడు అతను ఇచ్చే వివరణను మళ్లీ నోట్స్‌లో చేర్చుకోండి.