స్కీ పోల్ స్ట్రాప్, బొటనవేలి నొప్పి: గ్లవ్ వేసుకుని చూశారా?

వరంగల్, కరీంనగర్ వైపు నుంచి సంక్రాంతి సెలవులకు మంచు మీద స్కీయింగ్ చేయడానికి ఔలీకో గుల్మార్గ్‌కో వెళ్లేవారు మోకాళ్ల గురించి భయపడతారు. తిరిగి కాజీపేటలో రైలు దిగేసరికి కట్టు బొటనవేలికి ఉంటుంది. పోల్, అంటే స్కీయింగ్‌లో చేత పట్టుకునే కర్ర, చేతిలో ఉండగా పడితే బొటనవేలు బయటి వైపు విరుచుకుని, దాని మొదట్లో చూపుడువేలి వైపున్న లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే కట్టు) సాగుతుంది, లేదా తెగుతుంది. దీనికి స్కీయర్స్ థంబ్ అనే పేరే ఉంది.

సమస్య: పడకపోయినా సాయంత్రానికి బొటనవేలు లాగుతోంది

పోల్ పిడికి వేలాడే పట్టీలోకి, అంటే స్ట్రాప్‌లోకి, చేతిని పైనుంచి దూర్చారు. సరైన పద్ధతి మొదటి రోజు పొద్దున నేర్పిందే. టీ తాగి వచ్చేసరికి మరిచిపోతారు. చేయి స్ట్రాప్ కింది నుంచి పైకి రావాలి, ఆ తర్వాత స్ట్రాప్‌నూ పిడినీ కలిపి పట్టుకోవాలి. అప్పుడు బరువు స్ట్రాప్ మోస్తుంది, వేళ్లు బిగించాల్సిన పని ఉండదు.

సమస్య: పోల్ వదిలేశాను, అయినా వేలికి దెబ్బ తగిలింది

ఇలా చెప్పేవారు అబద్ధం చెప్పరు. వేళ్లు విప్పే ఉంటారు, పోల్ పోలేదంతే. స్ట్రాప్ ఎప్పుడు సరిచేసుకున్నారని అడగండి. రాత్రి గదిలో, హీటర్ పక్కన కూర్చుని, ఉత్త చేతులతో. అప్పుడు కొలత చక్కగా కుదురుతుంది. పొద్దున మందపాటి గ్లవ్ తొడగగానే అదే స్ట్రాప్ చేతి వెనుక నుంచి నొక్కి, పిడిని అరచేతికి అదిమి పెడుతుంది. ఇక వేళ్లు తెరిచినా పిడి బొటనవేలి సందులోనే ఉండిపోతుంది. అరచేయి మంచుకు ఆనగానే ఒంటి బరువంతా ఆ పిడి మీదుగా వేలి మీదకు వస్తుంది. మధ్యాహ్నం చలి పెరిగిందని పలచటి గ్లవ్ తీసి మందపాటిది వేసుకున్నా జరిగేది ఇదే. అద్దె పోల్స్ అయితే మీకంటే ముందు వాడిన మనిషి కొలతతోనే చేతికొస్తాయి.

ఎలా తెలుస్తుంది? గ్లవ్‌తో పోల్ పట్టుకుని, చేయి ముందుకు చాచి, వేళ్లన్నీ తెరవండి. పిడి వెంటనే జారి, పోల్ మణికట్టుకు వేలాడాలి. చేయి కిందికి దించి విదిలిస్తే స్ట్రాప్ కూడా ఊడి రావాలి. పిడి సందులోనే ఆగిపోతే స్ట్రాప్ బిగువు. పట్టుకున్నప్పుడు చేయి పిడి కిందికి దిగిపోతుంటే వదులు. చాలా పోల్స్‌లో స్ట్రాప్‌ను పైకి లాగితే పిడి తలలోని ప్లాస్టిక్ చీల వదులవుతుంది. కొలత మార్చి కిందికి లాగితే మళ్లీ బిగుస్తుంది. మెలిక పడిందేమో, ఎల్, ఆర్ అక్షరాలుంటే చేతులు తారుమారయ్యాయేమో కూడా అప్పుడే చూడండి. గ్లవ్స్ ఇక్కడే కొనేవారు వాటిని సూట్‌కేసులో అడుగున దాచకుండా, అద్దె దుకాణానికి తొడుక్కునే వెళ్లండి.

పడుతూ కూడా పిడికిలి విప్పని వారిని ఏ స్ట్రాపూ కాపాడదు. కొత్తగా నేర్చుకునేవారు చిన్న వాలు మీద అసలు స్ట్రాప్ లేకుండానే పట్టుకోవడం నా లెక్కలో మేలు. పోల్ జారిపోతే నాలుగడుగులు వెనక్కి నడవాల్సి వస్తుంది, అంతే కదా. చెట్ల మధ్యకు వెళ్లేముందు, చెయిర్ లిఫ్ట్ ఎక్కేముందు స్ట్రాప్ తీయడం అందరికీ తప్పనిసరి.

పోల్ పొడవు, పిడి ఆకారం, అరిగిన స్ట్రాప్ కారణం కావడం అరుదు. అనుమానముంటే వేరే జత అడగండి.

సమస్య: వాపు ఉంది, వేలిలో పట్టు లేదు

తాళంచెవి తిప్పలేరు, సీసా మూత తీయలేరు. ఇంటికొచ్చి సకినాలు చుట్టబోతే పిండి వేళ్ల మధ్య నిలవదు. బెణికిందని మర్దన చేయించుకోవద్దు, ఎవరితోనూ వేలు లాగించుకోవద్దు, నాటు కట్టు అసలే వద్దు. వేలు కదలకుండా కట్టుకుని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎక్స్‌రేలో ఎముక బాగున్నంత మాత్రాన లిగమెంట్ బాగున్నట్టు కాదు. కొంత తెగితే సాధారణంగా 4 నుంచి 6 వారాలు స్ప్లింట్ (వేలు కదలకుండా ఉంచే గట్టి కట్టు) వేస్తారు. పూర్తిగా తెగి, దాని కొస పక్కనున్న కండరపు పొర పైకి జారితే దానంతట అది అతకదు, ఆపరేషన్ కావాలి. అది ఆలస్యమైన కొద్దీ కష్టమవుతుంది కాబట్టి సెలవులు అయ్యేదాకా ఆగొద్దు.

డాక్టరుకు వేలు నొప్పి అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. పిడి చేతిలో ఉండగా పడ్డానని, వేలు ఏ వైపు విరుచుకుందో చూపించండి. బైకు హ్యాండిల్ వదలకుండా పడిన వారికీ ఇదే గాయం అవుతుంది, మంచు చూడని ఊళ్లో డాక్టరుకైనా వెంటనే అర్థమవుతుంది.