మెనోపాజ్ టైంలో వాకింగ్ ఒక్కటే చాలదు, బరువులు కూడా ఎత్తాలి

పొద్దున్నే మన వైజాగ్ బీచ్ రోడ్డులో బండ్లు ఆపేసే టైంకి వెళ్తే నలభై అయిదు దాటిన ఆడవాళ్ళు ఎంతమందో నడుస్తూ కనిపిస్తారు, మంచి అలవాటు, అస్సలు మానొద్దు. కానీ నెలసరి ఆగిపోయే వయసులో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గి ఎముక బలం, కండ రెండూ గబగబా కరిగిపోతాయి, వాటిని నిలబెట్టాలంటే నడక సరిపోదు. డబ్ల్యూహెచ్ఓ కూడా వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకలాంటి వ్యాయామంతో పాటు కనీసం 2 రోజులు కండలకి పని చెప్పమంటుంది. "ఈ వయసులో బరువులేటమ్మా" అంటారు చూడండి, ఈ వయసులోనే కావాలండీ!

జిమ్ లేకపోయినా పర్లేదు. కుర్చీని గోడకి ఆనించి, చేతులు ఆన్చకుండా 10 సార్లు కూర్చుని లేవండి. తర్వాత గోడ మీద చేతులు పెట్టి పుషప్స్.

ఆ తర్వాత అసలైంది, సంచిలో 5 కేజీల బియ్యం వేసి ఎత్తడం. మొదట్లో సంచిని స్టూల్ మీద పెట్టుకోండి, నేల మీంచి తర్వాత ఎత్తొచ్చు. వీపు గుండ్రంగా వంచి లాగొద్దు, పిరుదులు వెనక్కి తోసి, మోకాళ్ళు కొంచెం మడిచి, సంచిని ఒంటికి దగ్గరగా పట్టుకుని ఊపిరి వదులుతూ లేవాలి. ఊపిరి బిగబట్టొద్దు, బీపీ పెరుగుతుంది.

ఒక్కోటి రెండు మూడు రౌండ్లు, మధ్యలో ఒకరోజు రెస్ట్. చివరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి, 12 సార్లు ఈజీగా అయిపోతుంటే ఇంకో కేజీ కలపండి, నెలల తరబడి అదే బరువు పట్టుకుంటే కండ పెరగదు.

ఒంట్లోంచి ఆవిర్లు వచ్చేవాళ్ళకి మన వైజాగ్ ఉక్కపోత ఇంకా కష్టం, అందుకే ఎండెక్కకముందే ఫ్యాన్ కింద చేసుకోండి. తుమ్మితే యూరిన్ పడుతోందని సిగ్గుపడి మానేయొద్దు, యూరిన్ ఆపుకున్నట్టు కింది కండరాల్ని బిగించి 5 సెకన్లు ఉంచి వదలడం రోజూ చేస్తే చాలామందికి తగ్గుతుంది.

తిండి సరిగ్గా లేకపోతే ఈ కష్టమంతా వేస్ట్. గుడ్లు, పప్పు, పెరుగు పూటపూటా ఏదో ఒకటి ఉండాలి, చోడి (రాగి) అంబలి మంచిది, నెత్తళ్ళు అనే చిన్న చేపలు ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం కూడా వస్తుంది.

ఎముకలు గుల్లబారాయని డాక్టర్ చెప్పినా, గుండె జబ్బున్నా అడిగాకే మొదలెట్టండి. నెలసరి ఏడాది పాటు ఆగిపోయాక మళ్ళీ కొంచెం బ్లీడింగ్ కనిపించినా అది వ్యాయామం వల్లేలే అని ఊరుకోవద్దు, వెంటనే గైనకాలజిస్ట్‌కి చూపించుకోండి.