రక్త పరీక్ష రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: కణం ఎందుకు ఉబ్బింది?

గత పాఠంలో హిమోగ్లోబిన్ చూశాం. చాలామంది రిపోర్టు రాగానే ఆ ఒక్క అంకె చూసి, "14 ఉంది, రక్తం బాగానే ఉంది" అని కాగితం మడిచేస్తారు. రోజూ ఎక్కువగా తాగేవాళ్ల విషయంలో అక్కడే పొరబడతాం. ఈసారి ఇంకాస్త కిందికి, ఎం.సి.వి. దగ్గర ఆగుదాం.

ఎం.సి.వి. అంటే ఎర్ర రక్తకణం సగటు సైజు. పెద్దవాళ్లలో మామూలుగా 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు. లెక్క మీరే కట్టండి: పి.సి.వి. (రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే వంతు) శాతాన్ని ఎర్రకణాల సంఖ్యతో (మిలియన్లలో) భాగించి 10తో గుణించాలి. పి.సి.వి. 42, కణాలు 4.0 అయితే 105 వస్తుంది. హిమోగ్లోబిన్ 14 ఉన్నా సరే, కణాలు ఉబ్బాయన్నమాట. రక్తహీనత రాకముందే కనిపించే గుర్తు కాబట్టే ఈ అంకె గురించి ఇంతగా చెప్తున్నాను.

ఎర్రకణాలు తయారయ్యేది ఎముక మూలుగలో. మద్యమూ, అది శరీరంలో విరిగినప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడూ ఆ మూలుగనే దెబ్బతీస్తాయి. పైగా సరిగ్గా తినక, తిన్నది ఒంటబట్టక ఫోలిక్ యాసిడ్ కరువవుతుంది. అది లేకపోతే డి.ఎన్.ఏ. తయారీ మందగిస్తుంది. కణం పెరుగుతూనే ఉంటుంది గానీ, వేళకు రెండుగా విడిపోదు. మైక్రోస్కోపు కింద ఇలాంటి కణం కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. నేరుగా మద్యం వల్లో, కాలేయం చెడినందువల్లో ఉబ్బిన కణం మాత్రం గుండ్రంగానే కనిపిస్తుంది.

బి12 లోపం, థైరాయిడ్, కొన్ని మందుల వల్ల కూడా ఎం.సి.వి. పెరుగుతుంది. అంకె చూసి ఎవరినీ తాగుబోతు అనేయకండి.

"వారం మానేసి టెస్టు చేయించుకుంటా" అంటే కుదరదు. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఉబ్బిన కణాలు పోయి కొత్తవి రావాలి కదా, మానేశాక అంకె దిగడానికి 2 నుంచి 4 నెలలు పడుతుంది. ఏళ్ల తరబడి బాగా తాగినవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టరు సాయంతోనే మానాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

అభ్యాసం: రోజూ ఎక్కువగా తాగే ఒకాయన రిపోర్టులో పి.సి.వి. 36, కణాలు 4.0, ఆర్.డి.డబ్ల్యు. (కణాల సైజుల్లో తేడా ఎంతుందో చెప్పే అంకె) 18. ఎం.సి.వి. ఎంత? అది మామూలుగానే ఉందని వదిలేయవచ్చా? కడుపులో రక్తం కారి ఐరన్ తగ్గితే కణాలు చిన్నవవుతాయి. చిన్నవీ పెద్దవీ కలిస్తే సగటు ఏమవుతుందో ఆలోచించండి. ఆర్.డి.డబ్ల్యు. సంగతి 5వ పాఠంలో చూద్దాం.