పాత పనిముట్ల వేట - 3వ పాఠం: రందా చేతికొచ్చాక

పోయిన పాఠంలో సంచిలో ఏమేం వేసుకోవాలో చెప్పుకున్నాం: చిన్న టార్చి, ఆరంగుళాల స్టీలు స్కేలు, అరిగిన పళ్లబ్రష్షు, గుడ్డపేలిక, బుల్లి ఆకురాయి, స్క్రూడ్రైవరు. వాటికి కుట్టుమిషను నూనె సీసా ఒకటి కలపండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఆదివారం పొద్దున్నే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ రోడ్డు పక్కన పాత సామాన్ల సంతలో ఉన్నామనుకోండి. ఆదివారం కుదరనివాళ్లకు పురానాపూల్ దగ్గర జుమ్మెరాత్ బజార్ ఉంది. జుమ్మెరాత్ అంటేనే గురువారం, కాబట్టి ఏ రోజు వెళ్లాలో వేరే చెప్పక్కర్లేదు. నేల మీద పరిచిన టార్పాలిన్ నిండా మిక్సీ జార్లు, సైకిల్ చైన్లు, చిక్కుపడిన చార్జర్ల కుప్ప. వాటి మధ్య బోర్లా పడి ఒక ఇనుప రందా, అంటే వడ్రంగి చెక్కను చిత్రిక పట్టే పనిముట్టు. ఇవాళ్టి పాఠమంతా ఆ ఒక్కదాని గురించే. చివర్లో ఉలి గురించి నాలుగు ముక్కలు చెప్పి ముగిస్తాను.

ముందు పళ్లబ్రష్షుతో మట్టి దులిపి పేరు చదవండి. దిమ్మె, అంటే రందా ఇనుప ఒళ్లు, దాని మీద పోతపోసిన అక్షరాలుంటాయి. 'బెయిలీ' అని కనిపిస్తే అది నమూనా పేరు. లియోనార్డ్ బెయిలీ అనే అమెరికన్ ఈ రకం రందాను రూపొందించాడు. అతని పేటెంట్లను 1869లో స్టాన్లీ కంపెనీ కొనుక్కుంది. నీలం రంగు ఛాయలు మిగిలి 'రికార్డ్' అని ఉంటే అది ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో తయారైంది. మన దేశంలో అనంత్ కంపెనీ వాళ్లవీ ఈ వరసలోవే. రందా మీది అంకె కొలత కాదు, మోడల్ నంబరు. 4వ నంబరు సుమారు తొమ్మిదిన్నర అంగుళాలు, 5వ నంబరు పద్నాలుగు. రికార్డ్ వాళ్లు ముందు సున్నా పెట్టి 04, 05 అని వేస్తారు. మొదటిసారి కొనేవాళ్లు ఈ రెంటిలో ఒకటి చూసుకుంటే చాలు. అంతకన్నా పొడుగువి ముచ్చటగా ఉంటాయి, ఇంట్లో అటక మీదే ఉంటాయి.

ఇక తుప్పు. పైపైన పట్టిన ఎర్ర తుప్పు ఒక రాత్రి నానబెడితే పోతుంది. అది చూసి రందాను కింద పెట్టేస్తే మంచి బేరం పోగొట్టుకున్నట్టే. నిజంగా భయపడాల్సింది పగులుకి. రందా దిమ్మె పోత ఇనుము. బల్ల మీంచి గచ్చు మీద పడితే వంగదు, పగులుతుంది. పగిలేది ఎక్కువగా రెండు చోట్ల: అడుగున బ్లేడు బయటికొచ్చే నోటి మూలల దగ్గర, పక్క గోడల దగ్గర.

నేను కొన్న మొదటి రందా సంగతి చెప్పాలిక్కడ. హ్యాండిల్ రోజ్‌వుడ్, బ్లేడు పొడుగ్గా ఉంది, మరలన్నీ తిరుగుతున్నాయి. గీచి గీచి ఐదు వందల యాభైకి తెచ్చుకుని సంబరపడ్డాను. ఇంటికొచ్చి కిరోసిన్‌తో అడుగు కడిగి, పొడిగా తుడిచి, టీ తాగి వచ్చేసరికి నోటి కుడి మూల నుంచి పక్క గోడ దాకా తలవెంట్రుకంత నల్లగీత తేలింది. తుడిస్తే పోయింది. నిమిషంలో మళ్లీ వచ్చింది. పగుల్లో ఇంకిన కిరోసిన్ బయటికి ఊరుతోందన్నమాట. బజార్లో ఆ పగులు నిండా తుప్పు కూరుకుని ఉంది కాబట్టి కంటికి ఆనలేదు. మా వీధి చివర వడ్రంగి చూసి ఒకే మాటన్నాడు: "దిమ్మ సూసినవ్ సారూ, నోరు సూడలే."

కుట్టుమిషను నూనె అందుకే. అనుమానం ఉన్న చోట ఒక చుక్క వేసి, గుడ్డతో గట్టిగా తుడిచి, మాటల్లో పడి రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. గీత తేలితే వదిలేయండి. పసుపుపచ్చ గీత కనిపిస్తే ఎవరో ఇత్తడి పోసి అతికించారు. అది పనికి రావచ్చు, కానీ ధర సగానికి దిగాలి.

చెవితో కూడా చూడొచ్చు. బ్లేడు, దాని మీది పట్టీ తీసేసి (లేకపోతే అవే గలగలలాడతాయి), దిమ్మెను రెండు వేళ్లతో వదులుగా వేలాడదీసి స్క్రూడ్రైవరు పిడితో మొట్టండి. కుండ కొనేటప్పుడు మొట్టి చూడమూ, అలాగే. మంచిదైతే ఖంగుమంటుంది, పగిలితే బొంగురుగా పలుకుతుంది. హ్యాండిల్ వదులుగా ఉన్నా బొంగురుగానే పలుకుతుంది కాబట్టి ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఇప్పుడు బ్లేడు. అందరూ ఏటవాలు వైపు చూస్తారు. అక్కడ ఎంత పాడైనా సాన పట్టి కొత్తగా తీసుకోవచ్చు. చూడాల్సింది వెనక వైపు, చదునుగా ఉండే వైపు. అంచు నుంచి అరంగుళం లోపు తుప్పు తిన్న గుంటలున్నాయా? ఉంటే సాన పట్టిన ప్రతిసారీ ఆ గుంట అంచు దాకా వచ్చి పన్నులా తేలుతుంది, చెక్క మీద గీత పడుతుంది. గుంటలు పైన, పట్టీ కింద ఎక్కడో ఉంటే పట్టించుకోనక్కర్లేదు. తర్వాత స్కేలు పెట్టి బ్లేడు మధ్య గాడికీ అంచుకీ మధ్య ఎంత మిగిలిందో కొలవండి. అంగుళం కన్నా తక్కువైతే ఆ బ్లేడు ఆయుష్షు అయిపోవచ్చింది. అంచు దగ్గర నీలం రంగు కనిపిస్తే ఎవరో మిషను సాన మీద కాల్చేశారు. అక్కడ పదును నిలవదు, ఆ మేరకు అరగదీసెయ్యాలి.

వెనకాల ఇత్తడి చక్రం ఉంటుంది, బ్లేడును కిందికీ పైకీ జరిపేది. చాలా స్టాన్లీ రందాల్లో దాని త్రెడ్డు ఎడమ చేతిది, మామూలు మరకు ఎదురు. ఆ సంగతి తెలియక పట్టకారుతో బలవంతం చేసి ఇత్తడిని నలిపేసినవి ఎన్ని చూశానో. కదలకపోతే నూనె చుక్క వేసి వదిలేయండి. కానీ మరలు అసలే లేకపోతే వేరే కథ. స్టాన్లీ వాళ్ల త్రెడ్డు కొలతలు మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే మరలకు కుదరవు. రాణీగంజ్ అంతా తిరిగి ఉత్తచేతులతో వచ్చినవాణ్ని చెబుతున్నా, ఒక్క మర లేకపోయినా ధరలో కోత అడగండి.

అడుగు చదును గురించి ఎక్కువ బెంగ వద్దు. స్కేలు అంచు ఆనించి వెనక నుంచి టార్చి వేస్తే వెలుగు సన్నగా కారుతుంది. ఆ కాస్త తేడాకి, అద్దం మీద ఎమెరీ కాగితం పరిచి రుద్దితే సరిపోతుంది.

బేరానికి వస్తే, లోపం చూపించి అడగండి, వెక్కిరించి అడగొద్దు. "చాచా, ఇక్కడ పగిలింది చూడండి" అంటే ఒకాయన కళ్లజోడు సర్దుకుని, "దరార్ నై సాబ్, లకీర్ హై" అన్నాడు. పగులు కాదట, గీతట. ఇద్దరం నవ్వుకున్నాం. నేను కొనలేదు, ఆయనా ఏమీ అనుకోలేదు. పొద్దున్నే బోణీ బేరమైతే తక్కువకే వస్తుంది. అలాగని బోణీ ఆశ చూపి మరీ కిందికి లాగడం నాకు నచ్చదు.

ఉలి సంగతి కొంచెమే. వెనక వైపు గుంటలు, నీలం మచ్చ ఇక్కడా అవే చూడాలి. కొన్ని పాత షెఫీల్డ్ ఉలుల మీద 'కాస్ట్ స్టీల్' అని అచ్చు ఉంటుంది. అది చదివి పోత ఇనుమనుకుని వదిలేసేవాళ్లున్నారు. అది మూసలో కరిగించిన ఉక్కు. 1740ల్లో షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ ఆ పద్ధతి తెచ్చాడు. మూసలో ఉక్కు తీయడం మనకు అంతకు చాలా ముందే తెలుసు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కత్తుల కోసం పర్షియా దాకా వెళ్లేది. ఆ అచ్చు కనిపిస్తే బుల్లి ఆకురాయిని అంచు పక్కన ఒక్కసారి ఆడించండి. జారిపోతే గట్టి ఉక్కు, కొరికితే మెత్తబడింది. అమ్మేవాణ్ని అడిగాకే సుమా.

ఈ వారం పని: కనీసం పది రందాలు చేతికి తీసుకుని, ఒక్కటీ కొనకుండా రండి. ఒక్కోదానికి పేరు, నంబరు, నోటి మూలల పరిస్థితి, గాడి నుంచి అంచుకు మిగిలిన కొలత, చెప్పిన ధర కాగితం మీద రాసుకోండి. కొనకుండా ఉండలేకపోతే ఐదు రూపాయల నట్టో బోల్టో కొనుక్కోండి. వచ్చే పాఠం తుప్పు వదిలించడం. కిరాణా కొట్లో వంద గ్రాముల నిమ్మఉప్పు, మూత గట్టిగా పట్టే పాత ప్లాస్టిక్ డబ్బా ఒకటి సిద్ధం చేసుకోండి. డబ్బా వంటింటిది కాకుండా చూసుకోండి, మా ఇంట్లో ఆ గొడవ ఇంకా చల్లారలేదు.