మిల్లుకు కలప తోలే లారీకి కిరాయి ఎలా కట్టాలి?

పక్క బండివాడు టన్నుకు ఎంత తీసుకుంటున్నాడో కనుక్కుని, అందులో కొంచెం తగ్గించి చెప్పేయడం. కలప తోలకంలోకి కొత్తగా దిగినవాళ్లలో చాలామంది చేసేది ఇదే. ఆ పక్కవాడి లారీకి అప్పు ఎప్పుడో తీరిపోయి ఉండొచ్చు, వాడికి తిరుగు లోడు దొరుకుతుండొచ్చు, లేదా వాడూ ఇంకొకడిని చూసే చెప్పి ఉండొచ్చు. మీ రేటు మీ బండి ఖర్చులోంచే రావాలి. బయట నడిచే రేటు చూడాల్సింది అంతా అయ్యాక, ఈ పని ఒప్పుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి.

ఒక నోటు పుస్తకం, కాలిక్యులేటర్, ఖాళీ లారీ తూకం చీటీ ఉంటే చాలు. ఇంత చిన్న లెక్కకు యాప్‌లు ఎందుకో నాకు అర్థం కాదు.

ముందు ఖర్చును రెండుగా విడదీయండి. బండి కదలకపోయినా పడేవి: అప్పు వాయిదా, ఇన్సూరెన్స్, పన్ను, పర్మిట్, డ్రైవర్ జీతం, ఏటా బండి విలువలో తరుగు. ఈ మొత్తాన్ని 365తో భాగించకండి, బండి నిజంగా తిరిగే రోజులతో భాగించండి, ఎందుకంటే వానలకు మట్టిదారులు మూసుకుపోయినా వాయిదా మాత్రం ఆగదు. ఇక కదిలితేనే పడేవి డీజిల్, టైర్లు, ఆయిల్, రిపేర్లు. లోడుతో మైలేజీ, ఖాళీగా మైలేజీ వేరువేరుగా రాసుకోండి. తిరుగు ప్రయాణం ఖాళీగానే ఉంటుందని లెక్క వేయండి. దుంగల బండికి తిరుగు లోడు దొరకడం అరుదు, దొరికితే అది లాభం, అంతేగాని దాన్ని నమ్ముకుని రేటు తగ్గించకూడదు.

తర్వాత లోడు. అనుమతి ఉన్న మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేయండి. గొలుసులు, నిలువు కమ్మీలు, స్టెప్నీ, నిండు ట్యాంకు అన్నీ ఉన్నప్పటి ఖాళీ బరువు అది. ఓవర్‌లోడు వేస్తే రేటు గిట్టుబాటవుతుందనేవాళ్లతో నేను వాదించడం మానేశాను. రోడ్డుకు జరిగే నష్టం దాదాపుగా ఇరుసు బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుందని ఇంజినీర్లు లెక్క కట్టారు, అంటే ఇరుసు మీద బరువు 20 శాతం పెరిగితే నష్టం దాదాపు రెట్టింపు. ఆ పాడైన దారిలోనే రేపు మళ్లీ మన టైర్లే తిరగాలి.

ఇప్పుడు అసలు చిక్కు: టైం. ఇక్కడే అందరూ బోల్తా పడేది. కిలోమీటరుకు ఇంత, టన్నుకు ఇంత అని మొదలుపెట్టేవాళ్లకు బండి ఎంతసేపు నిలబడి ఉంటుందో పట్టదు. ఒక లెక్క చూడండి. మిల్లు 60 కిలోమీటర్లు, అందులో 10 మట్టిదారి. లోడుతో మట్టిదారిలో గంటకు 15, తారురోడ్డు మీద 40 వేగం అనుకుంటే చేరడానికి 1 గంట 55 నిమిషాలు. ఖాళీగా మట్టిదారిలో 20, తారురోడ్డు మీద 50 వేగంతో తిరిగి రావడానికి గంటన్నర. దుంగలు ఎక్కించి గొలుసులు బిగించడానికి గంటన్నర, మిల్లు దగ్గర లైను, కాటా, దించడం, మళ్లీ ఖాళీ కాటా కలిపి 2 గంటలు. మొత్తం దాదాపు 7 గంటలు, అందులో సగం బండి నిలబడే ఉంది!

ఇద్దరు డ్రైవర్లతో రోజుకు 14 గంటలు నడిపితే 2 ట్రిప్పులు. మిల్లు దగ్గర లైను ఒక్క గంట పెరిగిందనుకోండి, ట్రిప్పుకు 8 గంటలు. రోజుకు ఒకటిముప్పావు ట్రిప్పులని కాలిక్యులేటర్ చెబుతుంది గానీ ముప్పావు ట్రిప్పుకు ఎవరూ డబ్బివ్వరు, ఆ రోజుకు ఒక్క ట్రిప్పే. రోజు స్థిర ఖర్చు 100 పాళ్లు, ట్రిప్పు నడిపే ఖర్చు 60 పాళ్లు అనుకుందాం. రెండు ట్రిప్పులైతే ఒక్కోదానికి 50 కలిపి 110, ఒక్కటే అయితే 160. 20 టన్నుల లోడు మీద టన్నుకు 5.5 పడాల్సింది 8 అయింది. దూరం అంగుళం కూడా పెరగలేదు.

అందుకే ఒప్పుకునే ముందు కనీసం వారం రోజులు ప్రతి ట్రిప్పుకూ నాలుగు టైములు రాయించండి: లోడింగ్ మొదలు, బయల్దేరడం, మిల్లు గేటు, మిల్లు నుంచి బయటపడటం. ఎంత పడుతుందని మిల్లువాళ్లను అడగకండి, వాళ్లు చెప్పేది కాటా ఎక్కిన దగ్గర్నుంచి. గేటు బయటి లైను వాళ్ల లెక్కలో ఉండదు. సగటు కూడా నమ్మకండి, సాయంత్రం లైను వేరు, సీజన్ లైను వేరు. చెడ్డ రోజుల టైంతో రేటు కట్టి, ఒప్పుకున్న టైం దాటితే గంటకు ఇంత హాల్టింగ్ (బండి ఆగినందుకు ఇచ్చే డబ్బు) అని కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాట హాల్టింగ్ ఎప్పుడూ చేతికి రాదు.

దగ్గరి దూరాలకు కిలోమీటరు రేటు ఎక్కువెందుకని అడిగేవాళ్లకూ ఇదే జవాబు. 20 కిలోమీటర్లయినా 100 అయినా ఎక్కించే, దించే టైం అంతే. నేనైతే ట్రిప్పుకు ఒక స్థిర మొత్తం, దానిపైన కిలోమీటరుకు ఇంత అనే కడతాను, మరో పద్ధతి నాకు నచ్చదు.

టన్నుల లెక్కన కిరాయి వస్తుంటే తేమ సంగతి మర్చిపోవద్దు. అప్పుడే నరికిన దుంగల్లో బోలెడు నీళ్లుంటాయి, వారాల తరబడి ఎండిన దుంగలైతే బండి నిండినా కాటా మీద 16 టన్నులే చూపించొచ్చు. పై లెక్కలో టన్నుకు 5.5 కాస్తా 6.9 అవుతుంది. వంకర దుంగలు, సన్నకొమ్మలు కూడా అంతే, సందులు ఎక్కువ, బరువు తక్కువ. కాబట్టి కనీస లోడు ఇంత అని, తగ్గినా దానికే కిరాయి అని షరతు పెట్టండి.

లాభం కలిపి రేటు చెప్పేటప్పుడు ఆ రోజు డీజిల్ ధర కూడా అదే కాగితం మీద వేయండి. రేటులో డీజిల్ వాటా 40 శాతమైతే, డీజిల్ 10 శాతం పెరిగినప్పుడు రేటు 4 శాతం పెరగాలి, తగ్గితే అదే లెక్కన తగ్గాలి. తగ్గించడం కూడా రాసి ఉంటే పెంచే షరతుకు మిల్లువాళ్లు పెద్దగా పేచీ పెట్టరు.