నానో స్ఫటికాల వర్ణపటం చదవడం – 4వ పాఠం: శిఖరం కిందికెందుకు జారింది?

పోయిన పాఠంలో సిలికాన్ ఫోనాన్ల, అంటే స్ఫటికంలో పరమాణువులు కలిసి ఊగే కంపనాల, శాఖలు కాగితం మీద గీయమన్నాను. అందులో ప్రతి గీతా ఒక శాఖ; కుడివైపు పోయేకొద్దీ అల పొట్టిదవుతుంది, పైకి పోయేకొద్దీ పౌనఃపున్యం పెరుగుతుంది. ఆ కాగితం ఎదురుగా పెట్టుకోండి. శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో చదివే పిల్లలందరికీ రామన్ యంత్రం, అంటే లేజరు వేసి చెదిరిన కాంతిలో ఈ కంపనాల శిఖరాలు చూపే పరికరం, అందకపోవచ్చు. ఈ పాఠానికి పెన్సిలు, ఘాతాలు కట్టే కాలిక్యులేటరు చాలు.

బొబ్బిలి వీణ మీద వేలు కుండ వైపు జరిపేకొద్దీ మోగే తీగ పొట్టిదవుతుంది, స్వరం పైకెక్కుతుంది. మరి స్ఫటికం చిన్నదైతే దాని కంపనమూ పైకి పోవాలి కదా? ఒకదాని విషయంలో అలాగే పోతుంది. కణమంతా ఊపిరి తీసినట్టు ఉబ్బి తగ్గే కంపనం అది. వ్యాసం సగమైతే పౌనఃపున్యం రెట్టింపు. సాగే గోళానికి 1882లో హొరేస్ లాంబ్ కట్టిన లెక్కే దానికి ఆధారం.

కానీ పెద్ద సిలికాన్ స్ఫటికంలో 520.5 విలోమ సెంటీమీటర్ల (వర్ణపటంలో పౌనఃపున్యాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర నిలిచే శిఖరం, కణం చిన్నదైతే కిందికి దిగుతుంది. ఈ పాఠాలన్నిటికీ ప్రాణం ఇక్కడే ఉంది, తొందరపడకండి.

పెద్ద స్ఫటికంలో కాంతికి దొరికేది చాలా పొడవైన అల ఒక్కటే. అంటే మీ కాగితం మీద పై శాఖకు ఎడమ కొస. మూడు నానోమీటర్ల కణంలో అంత పొడవు పట్టదు, పొట్టి అలలే ఇముడుతాయి. కాబట్టి వేలు కుడివైపు జరపండి. కింది శాఖ ఎక్కుతోంది, ఉబ్బి తగ్గే కంపనం దానిదే. పై శాఖ దిగుతోంది, మన శిఖరం దానిదే. ఇరుకు రెండింటికీ ఒకటే, వంపే వేరు. వీణ తీగకున్నది ఎక్కే శాఖ ఒక్కటే. అందుకే దిగే శాఖ మనకు కొత్తగా తోస్తుంది. ఒక అలకు బదులు చాలా అలలు కలుస్తాయి కనుక శిఖరానికి ఎడమవైపు తోక కూడా సాగుతుంది.

ఇక లెక్క. గోళాకార సిలికాన్ కణానికి 0.543ను నానోమీటర్లలోని వ్యాసంతో భాగించండి. దాన్ని 1.44వ ఘాతానికి ఎత్తి, 47.41తో గుణిస్తే శిఖరం ఎంత దిగుతుందో వస్తుంది. 3 నానోమీటర్లకు దాదాపు 4, అంటే శిఖరం 516.5 దగ్గర. 5కి 1.9. 10కి ఒకటి కూడా రాదు, అక్కడ ఈ పద్ధతిని నమ్మకండి.

లేజరు వేడినీ మరచిపోవద్దు. సిలికాన్ నూరు డిగ్రీలు వేడెక్కినా శిఖరం దాదాపు 2 దిగుతుంది. వేడెక్కిన పెద్ద స్ఫటికం అచ్చం 5 నానోమీటర్ల కణంలా కనిపిస్తుందన్నమాట. 480 దగ్గర వెడల్పాటి దిబ్బ ఉంటే అది స్ఫటికం కాని సిలికాన్‌ది, ముందు దాన్ని వర్ణపటంలోంచి తీసేయండి.

అభ్యాసం: ఒక నమూనాలో శిఖరం 518.5 దగ్గర వచ్చింది. లేజరు శక్తి సగం చేస్తే 519.5కి వెళ్లింది. ఈ రెండు బిందువులను గీతతో కలిపి, శక్తి సున్నా దాకా పొడిగించండి. గీత ఎక్కడ ఆగిందో చూశాకే సూత్రం ముట్టుకోండి.