అలాస్కా హైవే మీద ఆర్‌వీ ప్రయాణమా? ముందు టైర్లు చూసుకోండి

అలాస్కా వెళ్తున్నామని చెప్పగానే అందరూ ఎలుగుబంట్ల గురించే అడుగుతారు. అలాస్కా హైవే మీద మిమ్మల్ని ఆపేది ఎలుగుబంటి కాదు, టైరు. కెనడాలోని డాసన్ క్రీక్ నుంచి అలాస్కాలోని డెల్టా జంక్షన్ దాకా సుమారు 2,230 కిలోమీటర్లు. 1942లో అమెరికా సైన్యం అడవిని కొట్టి హడావిడిగా వేసిన దారి. ఇప్పుడు తారు రోడ్డే గానీ, వేసవి వస్తే ఎక్కడో ఒకచోట మరమ్మతులు జరుగుతూ కంకర మీద నడపాల్సి వస్తుంది.

అద్దెకు ఆర్‌వీ, అంటే వంట, పడక సదుపాయాలున్న ఇల్లులాంటి బండి, తీసుకునేటప్పుడు మొదట అడగాల్సింది స్టెప్నీ ఉందా అని. చాలావాటిలో ఉండదు. పంక్చరైతే ఫోన్ చేయమంటారు, కానీ అక్కడ సిగ్నల్ ఎక్కడిది? స్టెప్నీ, జాకీ లేకపోతే ఆ బండి వద్దనండి. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి. కంకర రాళ్లకు అద్దం పగిలితే ఇన్సూరెన్స్ ఇస్తుందో లేదో ఒప్పందంలో చదవండి. కొన్ని రోడ్ల మీదికి అసలు వెళ్లకూడదని కూడా రాసి ఉంటుంది. ఉత్తర కెనడాలోని కంకర రోడ్డు డెంప్‌స్టర్ హైవే సాధారణంగా ఆ జాబితాలో ఉంటుంది.

కెనడాలోని యుకాన్ ప్రాంతంలో డిస్ట్రక్షన్ బే అనే ఊరు దాటాక అలాస్కా సరిహద్దు వరకు రోడ్డు అలలు అలలుగా ఉంటుంది. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల రోడ్డు వేడికి కరిగి అక్కడక్కడా కుంగిపోవడం వల్ల అలా అవుతుంది. దూరం నుంచి చూస్తే సాఫీగానే కనిపిస్తుంది. గంటకు వంద కిలోమీటర్ల మీద వెళ్తే వెనక భాగం నేలకు కొట్టుకుంటుంది, లోపల అల్మారాలు తెరుచుకుని గిన్నెలన్నీ కిందపడతాయి. అరవై కిలోమీటర్లకు తగ్గించండి. అన్నట్టు, కెనడాలో బోర్డు మీది 100 అంటే కిలోమీటర్లు. అమెరికా బండి నడిపేవాళ్లు మైళ్లనుకుంటే కష్టం.

సగం ట్యాంక్ అయ్యేసరికి నింపేయాలి. ఫోర్ట్ నెల్సన్ నుంచి వాట్సన్ లేక్ దాకా 500 కిలోమీటర్లకు పైనే. మధ్యలో బంకులు తక్కువ, ఉన్నవాటిలో ధర ఎక్కువ. బంకులోకి వెళ్లే ముందు ఆర్‌వీలోని ప్రొపేన్ గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేయండి. రాత్రి చలిగా ఉందని గ్యాస్ స్టవ్ వెలిగించుకుని పడుకోవద్దు. దాన్నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఆ వాయువును పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో బటన్ నొక్కి చూడండి.

ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడల్స్‌లో సిగ్నల్ లేనిచోట సాయం కోరే శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. 62 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక అది పనిచేయకపోవచ్చని యాపిలే చెబుతోంది. అలాస్కా సరిహద్దు దగ్గరి బీవర్ క్రీక్ ఊరు ఆ గీతకు పైనే ఉంది. శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే ఇన్‌రీచ్ లాంటి పరికరం అద్దెకైనా తీసుకోండి.

ఇక ఎలుగుబంట్లు. పోపు వాసన, ఊరగాయ వాసన వాటికి చాలా దూరం తెలుస్తాయి. గిన్నెలు బయట వదలకండి, చెత్త ఎలుగు తెరవలేని డబ్బాల్లోనే వేయండి. బేర్ స్ప్రే కొనేటప్పుడు జంతువుల కోసమని లేబుల్ మీద ఉందో లేదో చూడండి. మనుషుల మీద వాడే పెప్పర్ స్ప్రేకు కెనడాలో నిషేధం. బండి నడిపేవాళ్లకు అసలు ప్రమాదం లియార్డ్ నది దగ్గర రోడ్డు మీదే పడుకునే అడవి దున్నలతో, మంచో సరస్సు పక్కన ఉప్పు నాకడానికి దిగే గొర్రెలతో. చీకట్లో దున్న కనిపించదు. పొద్దుపోయాక నడపకండి.

జూన్‌లో అయితే పొద్దు త్వరగా పోదు. రాత్రి పదకొండైనా వెలుతురుంటే అలసట తెలియదు. అందుకే ఎన్నింటికి ఆపాలో పొద్దున్నే అనుకుని అలారం పెట్టుకోండి.

సరిహద్దు మాట. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు కెనడా వీసా కావాలి. గ్రీన్ కార్డ్ ఉంటే వీసా అక్కర్లేదు గానీ పాస్‌పోర్ట్, కార్డ్ రెండూ చేతిలో ఉండాలి. పచ్చి కరివేపాకును అమెరికాలోకి రానివ్వరు, అలాస్కాలో అడుగుపెట్టే ముందే వాడేయండి.

వేసవిలో కార్చిచ్చులు కూడా ఉంటాయి. 2024 మేలో మంటలు దగ్గరికి రావడంతో ఫోర్ట్ నెల్సన్ ఊరినే ఖాళీ చేయించారు. సిగ్నల్ దొరికిన ప్రతిచోటా రోడ్ల పరిస్థితి తెలిపే సైట్లు చూడండి: బ్రిటిష్ కొలంబియాకు డ్రైవ్‌బీసీ, యుకాన్‌కు 511. ఆర్‌వీ అప్పగించే తేదీకి, తిరుగు ఫ్లైటుకి మధ్య కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచితే, దారి మూసేసినా టెన్షన్ ఉండదు.